పావు తిప్పు

ఆ భవనానికి ఆరంతస్తులు, నలభై ఎనిమిది వాటాలు, అడుగున ఒక నేలమాళిగ. నేలమాళిగలో ముప్పై ఎనిమిదేళ్ళుగా ఒకటే కుర్చీ, ఆ కుర్చీలో ఒకడే మనిషి. ఆయన అసలు పేరు హాజరు పట్టీలో ఉందంటారు గానీ చూసినవాళ్ళు లేరు. పాలు తాగే పిల్లల దగ్గర్నుంచి పళ్ళూడిన ముసలమ్మల దాకా అందరికీ ఆయన బాయిలరు బాబాయే.

బాయిలరు ఉన్న రోజుల్లో ఆ పేరుకో అర్థం ఉండేది. పోత ఇనుముతో చేసిన బాయిలరు, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న ఏనుగంత ఉండేది. దాని గురించి బాబాయి చెప్పని గొప్ప లేదు. ఒక ఏడాది ఎముకలు కొరికే చలిలో, ఆరో అంతస్తు గొట్టం పక్కన పిచ్చుక గుడ్లు పెట్టి షికారుకు వెళ్ళిందట. తిరిగొచ్చేసరికి గుడ్లు వాటంతటవే పొదిగి, పిల్లలు బయటికొచ్చి, "ఎవరు కావాలండీ?" అన్నట్టు తల్లిని ఎగాదిగా చూశాయట. విన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు. అబద్ధం చెప్పేవాడు నవ్వకూడదని ఆయనకు పని నేర్పిన మేస్త్రీ చెప్పాడు. ఆ మేస్త్రీ నేర్పినవి ఇంకా చాలా ఉన్నాయి. కొన్ని మాటతో, ఎక్కువ భాగం మొట్టికాయతో.

కిందటి ఏడాది ఆ ఏనుగును గ్యాసు మంటతో పదకొండు ముక్కలు కోసి పట్టుకుపోయారు. ఆ చోట బీరువా అంత బూడిదరంగు పెట్టె తెచ్చి నిలబెట్టారు. మంట లేదు, పొగ లేదు. చెవి ఆనిస్తే నిద్రపోతున్న పిల్లి గురక. వెనక పెరట్లో పన్నెండు బోర్లు వేశారు, ఒక్కోటి నూరు మీటర్ల పైచిలుకు. ప్రతి బోరులోకీ ఒక నల్ల గొట్టం దిగి, అడుగున మలుపు తిరిగి, మళ్ళీ పైకొస్తుంది. చల్లటి నీళ్ళు అందులో కిందికి పోయి నేల కడుపులోని గోరువెచ్చదనాన్ని మోసుకొస్తాయి. పెట్టె ఆ వెచ్చదనాన్ని పిండి, పెంచి, మేడ మీది గదులకు పంపుతుంది.

ఇదంతా బాబాయికి విడమరిచి చెప్పింది లెక్కలు వేసే ఇంజనీరమ్మాయి. ఆమె పనే అది. గోడల మందం, కిటికీల కొలత, కింద ఉన్న రాతి రకం, ముప్పై ఏళ్ళ చలి, అన్నీ కంప్యూటరుకు తినిపించి, యంత్రం ఏ రోజు ఎంత బాగా పనిచేస్తుందో ముందే చెప్పేస్తుంది. బాబాయి ఆమెకు జోస్యాలమ్మాయి అని పేరు పెట్టాడు.

"ఒక యూనిట్ కరెంటు తిని నాలుగు యూనిట్ల వేడి ఇస్తుంది బాబాయ్ గారూ. గడ్డకట్టే చలిలో అయితే మూడుంముప్పావు" అంది ఆమె మొదటి రోజే.

"ఒకటి తిని నాలుగిచ్చే గేదె కూడా లేదమ్మా. తిన్నదానికంటే ఎక్కువ వేడి వదిలేది నాకు తెలిసి ఉపన్యాసకుడొక్కడే."

"గింజ వేస్తే గంపెడు వస్తుందంటే నమ్ముతారు కదా. ఇదీ అంతే. మిగతా మూడూ నేల ఇస్తుంది."

"ఊరికే ఇస్తుందా?"

"పద్ధతిగా అడిగితే ఇస్తుంది. ఎక్కువ అడిగితే అలుగుతుంది. ఎంత అడగొచ్చో చెప్పడమే నా పని."

చెప్పి ఊరుకోలేదు. గోడకు బారెడు కాగితం అంటించింది. దాని మీద చలికాలం పొడుగునా నీలం గీత, ఆమె జోస్యం. రోజూ సాయంత్రం మీటర్లు చూసి, ఆ రోజు నిజంగా ఎంత వచ్చిందో ఎర్ర చుక్క పెట్టడం బాబాయి పని.

ఆ గీతకూ ఆ చుక్కకూ మధ్య రెండు జీవితాలు వేలాడుతున్నాయని బాబాయికి తెలుసు. భవన సంఘం కార్యదర్శి కాగితం మీద రాసి మరీ చెప్పాడు. చలికాలం గడిచేసరికి జోస్యం ఫలిస్తే, యంత్రాన్ని ఎక్కడో ఆఫీసులో కూర్చుని తెర మీద చూసుకుంటారు. నేలమాళిగలో మనిషి అక్కర్లేదు. ఫలించకపోతే మనిషి ఉంటాడు, బోర్లు వేసినవాణ్ణి మాత్రం వెళ్ళగొడతారు. సంఘం వాళ్ళవే ఇంకా నాలుగు భవనాలున్నాయి, వాటి గడప తొక్కనివ్వరు.

బోర్లు వేసినవాడు మరెవరో కాదు, బాబాయి భార్యకు సొంత తమ్ముడు. బోర్ల పని చేస్తాడు కనుక అతణ్ణి అందరూ పాతాళం అంటారు. అబద్ధాల్లో బాబాయిని బాల్చీ అనుకుంటే పాతాళం బావి. ఎనభై మీటర్ల లోతులో తన బోరుకు ఒక చెప్పు తగిలి పైకొచ్చిందని, మర్నాడు రెండో చెప్పు కోసం భూగోళం అవతలి వైపు నుంచి ఎవరో కేకేశారని చెప్పినవాడు. అలాంటివాడు "నూటరెండు మీటర్లు దించాను బావా" అంటే ఎవరు నమ్ముతారు? జానెడు తవ్వి బారెడు చెప్పడం ఆ వృత్తిలో కొత్తా?

మంచు పడకముందు నెలంతా ఎర్ర చుక్కలు నీలం గీత మీద చీమల బారులా నడిచాయి. బాబాయికి ముద్ద దిగలేదు.

తర్వాత మొదటి మంచు పడింది. ఆ పొద్దున బాబాయి నేలమాళిగలోకి దిగి, కోటు మేకుకు తగిలించి, భోజనం డబ్బా అటక మీద పెట్టి, కింది గొట్టం మీది చిన్న ఎర్ర చక్రాన్ని వెళుతూ వెళుతూ దూడ తల నిమిరినట్టు ఒక పావు తిప్పు తిప్పి, కుర్చీలో కూర్చుని కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఎప్పటి వరసే. ఆ సాయంత్రం మీటర్లు చూస్తే చుక్క కిందికి జారింది. మూడుంముప్పావు ఉండాల్సిన చోట మూడుకు దిగువన పడింది.

మర్నాడూ అంతే. వారం, పది రోజులు, నెల. పైన వాటాల వాళ్ళు గదులు చాలినంత వెచ్చగా లేవని ఫోన్లు చేస్తే యంత్రం వేడి పెంచింది, కరెంటు ఇంకా మింగింది, చుక్క ఇంకా జారింది. బాబాయి రోజూ ఎర్ర పెన్సిల్ చెక్కుకుని పెళ్ళికూతురికి బొట్టు పెట్టినంత శ్రద్ధగా చుక్క పెట్టేవాడు.

"ఆవు వట్టిపోయినట్టుందమ్మా" అన్నాడు జోస్యాలమ్మాయితో. "చలి ముదిరేసరికి నేల చేతులెత్తేసింది. బోర్లు లోతు లేకపోతే అంతేగా మరి."

"బోర్లు లోతు లేవని మీకెలా తెలుసు?"

"తెలుసని అన్నానా? అనుమానం అన్నాను."

ఆమె వెళ్ళేముందు పెట్టె తలుపు దగ్గర కాసేపు వంగి నిలబడింది. ఆమె పోయాక బాబాయి కళ్ళజోడు తుడుచుకుని వెతికితే కనబడింది. తలుపుకూ చట్రానికీ మధ్య ఒక పొడుగాటి వెంట్రుక అడ్డంగా అంటించి ఉంది. తలుపు తెరిచి ఎవరైనా లోపల మీటలు కదిలిస్తే తెగిపోతుంది.

"ఓహో" అనుకున్నాడు బాబాయి. "నా మీదేనన్నమాట."

ఆయన తక్కువ తిన్నాడా? ఈ పిల్లే తాను లేనప్పుడు వచ్చి ఏదో చేస్తోందేమో. తన జోస్యం తప్పిందని ఒప్పుకోలేక తప్పు పక్కవాళ్ళ మీదికి నెట్టే దారి చూసుకుంటోందేమో. పాత బాయిలరు బూడిద ఒక డబ్బాడు గుర్తుగా దాచుకున్నాడాయన. ఇంటికి వెళ్ళేముందు దాన్ని జల్లెడ పట్టి, పెట్టె ముందు నుంచి గుమ్మం దాకా, గొట్టాల కిందా పలచగా చల్లాడు. మర్నాడు పొద్దున చూస్తే ఎవరి అడుగూ లేదు. అమ్మయ్య అని కోటు తగిలించి, డబ్బా పెట్టి, నాలుగడుగులు నడిచి కుర్చీలో కూర్చుని వెనక్కి చూశాడు. బూడిదలో ఒకే ఒక్క వరస అడుగులు. ఎడమ మడమ అరిగిన జోడు. మేకు దగ్గర మొదలై, ఎర్ర చక్రం దగ్గర ఒక్క క్షణం ఆగి, కుర్చీ దాకా వచ్చాయి.

తన అడుగులే కదా అని చీపురు తీసుకుని ఊడ్చేశాడు.

ఇక మిగిలింది పాతాళం. గురువారం సంఘం అతణ్ణి పిలిచి సంజాయిషీ అడుగుతుందని తెలిసినప్పుడు, ముందుగా నిజం తేల్చుకోవాలని బాబాయికి పట్టుదల పుట్టింది. పన్నెండు బోర్లూ గొట్టం దించాక మట్టితో బిగించేశారు. పదమూడోది ఒకటి ఉంది, లోపలి వేడి చూడటానికని వదిలేసినది, మూత తీస్తే ఖాళీ. ఆదివారం పొద్దున బాబాయి ఇంట్లోని బట్టల తాళ్ళన్నీ విప్పుకొచ్చి, ఒకదానికొకటి కట్టి, మీటరుకో ముడి వేసి, చివర ఇనుప నట్టు తగిలించి, పెరట్లో బోర్లా పడుకుని దింపడం మొదలుపెట్టాడు. అరవై ముడులయ్యాయి. ఎనభై అయ్యాయి.

"ఏం బావా, చేపలు పడుతున్నాయా?"

తల తిప్పితే బురద బూట్లు. పైకి చూస్తే చేతిలో రెండు టీ గ్లాసులతో పాతాళం.

"అక్క చెప్పింది, తాళ్ళు మాయమయ్యాయని. ఎక్కడుంటావో ఆ మాత్రం ఊహించుకోలేనా?"

"నీ లోతు చూస్తున్నానురా."

"చూడు చూడు. టీ చల్లారిపోతుంది, కానిచ్చెయ్."

తొంభై. నూరు. నూటరెండో ముడి దగ్గర తాడు వదులైంది. బాబాయి పైకి లాగి, మళ్ళీ దింపి, మళ్ళీ లెక్కపెట్టాడు. నూటరెండే.

"ఇదొక్కటీ పైకి చూపించడానికి సరిగ్గా వేసి ఉంటావు" అన్నాడు లేచి మోకాళ్ళు దులుపుకుంటూ.

పాతాళానికి మొదటిసారి ముఖంలో వెటకారం పోయింది. బావ చెయ్యి పట్టుకుని గొట్టాలన్నీ కలిసే గుంత దగ్గరికి తీసుకెళ్ళి మూత ఎత్తాడు. నల్ల గొట్టాల మీద మీటరుకో అంకె అచ్చువేసి ఉంది. బోరులోకి దిగే కొస మీద ఒక అంకె, తిరిగొచ్చిన కొస మీద ఒక అంకె. తీసివేసి సగం చేస్తే లోతు. బాబాయి పన్నెండూ చదివాడు. వేళ్ళ మీద లెక్కపెట్టాడు. ఎక్కడా నూటరెండుకు తగ్గలేదు. ఒకటి నూటనాలుగు కూడా ఉంది.

"నా నోరు నమ్మొద్దు బావా, అది ఊరికే తిరుగుతుంది. రాడ్లు మాత్రం లెక్కపెట్టే దించుతాను. బోరుకు ముప్పై నాలుగు, ఒక్కోటి మూడు మీటర్లు. నేలతో అబద్ధం చెప్పి ఎవడు బతికాడు?" పాతాళం మూత వేసి దాని మీదే కూర్చున్నాడు. "గురువారం నా మాట ఎవడూ వినడు. చెప్పు కథ చెప్పినవాడి మాట ఎవడు వింటాడు? నువ్వు చూశావుగా. ఆ ఒక్క ముక్కా నువ్వు చెప్పు."

"చూద్దాంలే" అన్నాడు బాబాయి.

ఆయనకు సంతోషం కలగలేదు. కొండను తవ్వితే ఎలుకైనా దొరకాలి. ఈయన నూటరెండు మీటర్లు దింపితే ఎలుక కూడా దొరకలేదు. అమ్మాయి కాదు, బావమరిది కాదు, మరి ఎవరు? చుక్కలు వాటంతటవే జారవు కదా. ఆ రాత్రి కలలో అనుమానించడానికి మనుషులు చాలక కార్యదర్శిని కూడా అనుమానించాడు.

సోమవారం మధ్యాహ్నం మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ఇల్లాలు భోజనం డబ్బా పట్టుకుని దిగింది.

"డబ్బా మరిచిపోయారు. మా తమ్ముడి మీద అనుమానం మాత్రం మరవకుండా పట్టుకొచ్చుకున్నారు."

"వాడి మీద లేదులే ఇప్పుడు."

"అయితే నా తాళ్ళు నాకు ఇచ్చెయ్యండి. రెండు రోజులుగా తడిబట్టలు కుర్చీల మీద ఆరేస్తున్నాను. ఇంటికొచ్చినవాళ్ళను ఎక్కడ కూర్చోబెట్టను, మీ లంగోటీల మీదా?"

బాబాయి డబ్బా అందుకోవడానికి లేచి నాలుగడుగులు వేశాడు. దారిలో కుడిచెయ్యి దానంతటదే సాగి ఎర్ర చక్రాన్ని తడిమింది.

"ఎందుకలా మాటిమాటికీ దాని తల నిమురుతారు?"

"దేని తల?"

"ఆ ఎర్ర చక్రం. నేను వచ్చినప్పుడల్లా చూస్తున్నాను. అటు పోతే ఒకసారి, ఇటు వస్తే ఒకసారి."

"నిమరడం కాదే, తెరిచి ఉందో లేదో చూసుకోవడం. ఇది బైపాస్ గొట్టం. మొదటి మంచు పడగానే దీన్ని పావు తిప్పు తెరవాలి. పైకి పోవాల్సిన వేడినీళ్ళు కాసిన్ని అడ్డదారిన ఇటు పడి, గదుల నుంచి తిరిగొచ్చే చల్లనీళ్ళలో కలుస్తాయి. ఇదే నా మొదటి పాఠం. ఒక్కరోజు మరిచిపోతే మేస్త్రీ మొట్టిన మొట్టికాయకు ఇప్పటికీ చూడు, ఇక్కడ జుట్టు రాదు. చల్లనీళ్ళు ఒక్కసారిగా వచ్చి తగిలితే బాయిలరు పగులుతుంది."

"ఏ బాయిలరు?" అంది ఆమె.

వెటకారానికి అన్న మాట కాదు. నిజంగానే అడిగింది. బాబాయి నోరు తెరిచి, ఏనుగు ఉండే చోటు వైపు చూశాడు. అక్కడ బూడిదరంగు పెట్టె పిల్లిలా గురక పెడుతోంది.

డబ్బా కింద పెట్టాడు. మేడ మీది నుంచి తిరిగొచ్చే గొట్టం మీద అరచెయ్యి ఆనించాడు. బైపాస్ కలవకముందు చల్లగా ఉంది. కలిశాక వెచ్చగా ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ తేడా చేతికి తగిలితే ఆయనకు తృప్తిగా ఉండేది. ఇప్పుడు అదే తేడా చేతిని కాల్చినట్టయింది. సగం వేడినీళ్ళు మేడ ఎక్కకుండానే అడ్డదారిన వెనక్కి వచ్చేస్తున్నాయి. గదులు చాలలేదంటున్నాయి. పెట్టె ఇంకా వేడిగా కాస్తోంది. దాన్ని ఎంత వేడిగా అడిగితే దానికంత ఆయాసం. జోస్యాలమ్మాయి మొదటి రోజే చెప్పింది కదా, ఎక్కువ అడిగితే అలుగుతుందని. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఏమిటో ఆయనకు ఆ క్షణంలో కుడిభుజం దాకా తెలిసింది.

పొయ్యి లేని ఇంట్లో పొయ్యి మీది పాలకు ఊదుతూ కూర్చున్నాడన్నమాట. అదీ ఎవరికోసం? ఆయనకు నచ్చని పెట్టె కోసం. దానికి జలుబు చెయ్యకూడదని.

ఇల్లాలు ఆయన ముఖం చూసి మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఆ రాత్రి వడ్డించేటప్పుడు కూడా తమ్ముడి ఊసెత్తలేదు. ఎత్తి నాలుగు తిడితే బాగుండుననిపించింది ఆయనకు.

మంగళవారం పొద్దున బాబాయి ఒక ఉపాయం ఆలోచించుకుని వచ్చాడు. చక్రం మూసేస్తే చుక్కలు వాటంతటవే ఎక్కుతాయి. ఎక్కితే బోర్లు మంచివేనని తేలుతుంది. ఇప్పటికి జారిన చుక్కల వల్ల చలికాలం మొత్తానికి జోస్యం ఎలాగూ తప్పినట్టే, కాబట్టి కుర్చీ కదలదు. పాము చావదు, కర్ర విరగదు. ఎవరూ చూడకుండా చక్రాన్ని పావు తిప్పు బిగించి, కుర్చీలో కూర్చుని, ఏమీ ఎరగనట్టు పెన్సిల్ చెక్కుకున్నాడు. సాయంత్రానికి చుక్క మూడున్నర దగ్గర పడింది.

బుధవారం పది కాకముందే జోస్యాలమ్మాయి దిగింది. చేతిలో కాగితం.

"నిన్న పొద్దున తొమ్మిదీ పదికి ఇక్కడ ఏం జరిగింది బాబాయ్ గారూ?"

"ఏం జరుగుతుందమ్మా. సూర్యుడు కాస్త పైకొచ్చి ఉంటాడు."

"సూర్యుడు నిచ్చెన ఎక్కినట్టు ఎక్కుతాడు. ఇదేమో గోడ దూకింది." కాగితం ఆయన ముందు పరిచింది. అప్పటిదాకా నేల మీద పాకుతున్న గీత తొమ్మిదీ పది దగ్గర నిట్టనిలువుగా లేచింది.

బాబాయి కళ్ళజోడు సర్దుకున్నాడు. "నేలకు అప్పుడప్పుడు జ్వరం వస్తుందమ్మా. మా మేస్త్రీ హయాంలో ఒకసారి వచ్చింది. పెరట్లో నాటిన ఉల్లిపాయలు తవ్వితే వేగిపోయి వచ్చాయి. చుట్టుపక్కల వాళ్ళు రొట్టె పట్టుకుని..."

ఆమె బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని మొత్తం విన్నది. ఉల్లిపాయల దగ్గర నవ్వలేదు. రొట్టె దగ్గరా నవ్వలేదు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"మొదట నేను మిమ్మల్నే అనుమానించాను."

"తెలుసు. వెంట్రుక అంటించావుగా."

"మీరు బూడిద చల్లారు. ఊడ్చాక మిగిలింది నా బూట్లకు అంటుకుంది." ఆమె కాగితం మడిచింది. "వెంట్రుక తెగలేదు బాబాయ్ గారూ. మీరు తలుపు ముట్టుకోలేదు. అందుకే నా అనుమానం బోర్ల మీదికి పోయింది, కార్యదర్శి గారికి అదే రాసి పంపాను. ఇప్పుడు రేపు సంజాయిషీ అనగా నిన్న గీత దూకింది. ఆయన ఏమనుకుంటారో తెలుసా? బోర్లతను భయపడి దొంగతనంగా వచ్చి ఏదో చేశాడంటారు. కారణం తెలియకుండా వచ్చిన మంచి కూడా అనుమానమే."

బాబాయి చేతిలోని పెన్సిల్ కింద పెట్టాడు. తాను వేసిన ఎత్తు తిరిగి తిరిగి పాతాళం మెడకే చుట్టుకుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టలేకపోతే దొంగే లేచి నిలబడాలి కాబోలు.

లేచాడు. "ఇలా రామ్మా. ఈ గొట్టం మీద చెయ్యి పెట్టు. తియ్యకు." ఎర్ర చక్రాన్ని పావు తిప్పు తెరిచాడు. ఆమె అరచేతి కింద గొట్టం మెల్లగా వెచ్చబడింది. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. మూశాడు. చల్లబడింది.

"ఎప్పటి నుంచి?"

"మొదటి మంచు పడిన పొద్దున్నుంచి."

"ఎందుకు?"

"ముప్పై ఎనిమిదేళ్ళ కింద ఒక మొట్టికాయ తిన్నాను. చెయ్యి ఇంకా దానికే భయపడుతోంది. బాయిలరును మోసుకుపోయారు గానీ ఈ చెయ్యికి ఆ కబురు ఎవరూ చెప్పలేదు."

ఆమె సంచిలోంచి గొట్టాల పటం తీసింది. వేలితో వెతికి పట్టుకుంది. "నా పటంలో ఈ చక్రం మూసి ఉంది."

"నీ పటంలో చక్రం ఉంది. నా చెయ్యి లేదు."

ఆమె పటం మడిచి సంచిలో పెట్టుకుంది.

"రాస్తావా?" అన్నాడు.

"రాయాలి."

"రాయి. నా పేరుతోనే రాయి."

"మీ పేరు నాకు తెలియదు బాబాయ్ గారూ."

ఆయన హాజరు పట్టీ తీద్దామని చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. "బాయిలరు బాబాయి అని రాయి చాలు. ఆ పేరుతో ఇదే ఆఖరి పని."

గురువారం సంఘం గదిలో బాబాయే ముందు లేచాడు. బోర్లు నూటరెండు మీటర్లనీ, ఒకటి నూటనాలుగనీ, ముడులు తానే లెక్కపెట్టాననీ, తప్పు తన చేతిదనీ చెప్పాడు. జీవితంలో మొదటిసారి ఒక్క గింజ కలపకుండా చెప్పిన మాట అది. దాన్ని ఒక్కరు కూడా నమ్మలేదు.

"బావమరిదిని గట్టెక్కించడానికి చెబుతున్నావు" అన్నాడు కార్యదర్శి.

"పిచ్చుక గుడ్ల బాపతేనా ఇది కూడా?" అని వెనక నుంచి మూడో అంతస్తు ముసలమ్మ.

జోస్యాలమ్మాయి లేచి, అయితే మీరే దిగి తిప్పండి అంది. కార్యదర్శి దిగి, చొక్కా చేతులు మడిచి, చక్రాన్ని తన చేత్తో తెరిచి, దానికి తాళం వేసి, మీద కాగితం అంటించి సంతకం పెట్టి, తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. రెండు రోజులు చుక్కలు జారాయి. మళ్ళీ తన చేత్తో మూశాడు. చుక్కలు లేచి నీలం గీత మీద కూర్చున్నాయి. చలి ఇంకా గడ్డకట్టిస్తూనే ఉంది, మూడుంముప్పావు. ఆ తర్వాత చలికాలం ముగిసేదాకా ఒక్క చుక్క కూడా దారి తప్పలేదు. తప్పుతుందేమోనని బాబాయి ప్రతి సాయంత్రం చూశాడు. అబద్ధమెందుకు, ఆశపడ్డాడు కూడా.

పాతాళానికి మిగతా నాలుగు భవనాల పనీ దక్కింది. ఇప్పుడతను ఆ పన్నెండు బోర్లూ నూటపది మీటర్లని చెబుతున్నాడు. ఎండలు ముదిరేసరికి నూట ఇరవై అవుతాయి. విన్నప్పుడు బాబాయి అవుననడు, కాదనడు.

జారిన చుక్కలన్నీ చక్రం ఖాతాలో కొట్టేసి, సంఘం మాట ప్రకారం చలికాలం ఆఖరి రోజున నేలమాళిగకు తాళం పడింది. బాబాయి కోటు, కుర్చీ, బూడిద డబ్బా ఇంటికి తెచ్చుకున్నాడు. కుర్చీని ఎక్కడ వేసినా ఇల్లాలికి అడ్డమే. చివరికి కిటికీ పక్కన చోటిచ్చింది, దాని వీపు మీద బట్టలు ఆరేసుకుంటానన్న షరతు మీద. పొద్దున లేచి కుర్చీ దాకా నడిచేటప్పుడు ఆయన కుడిచెయ్యి గాలిలో ఒకచోట ఆగేది. ఆమె చూసి చూడనట్టు ఊరుకునేది.

మళ్ళీ మంచు పడ్డ వారానికి, మధ్యాహ్నం భోజనాల వేళ ఫోను మోగింది.

"బాబాయ్ గారూ, నేను. జోస్యాలమ్మాయిని."

"ఆ పేరు నీకెవరు చెప్పారు?"

"నాలుగు భవనాల్లోనూ అదే పిలుస్తున్నారు. అది పోనివ్వండి. ఇక్కడ రెండో భవనంలో ఉన్నాను. బోర్లు బాగున్నాయి, అంకెలు నేనే చదివాను. చక్రాలన్నీ నా చేత్తో మూశాను. అయినా మొన్నటి నుంచి గీత జారుతోంది. రోజంతా జారదు, ఒక్క పొద్దుటి పూటే."

బాబాయి చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు. కుర్చీ మీది తడి తువ్వాలు తీసి పక్కన పడేసి కూర్చుని, కళ్ళజోడు పెట్టుకున్నాడు, ఫోనులో మాట కూడా దాంతోనే కనబడుతుందన్నట్టు.

"కింద మనిషెవరైనా ఉన్నాడా?"

"ఉన్నారు. పాత బాయిలరు ఆయనే. ఈ చలికాలం దాకా ఉంచారు. చాలా మంచాయన, దేనికీ అడ్డు రారు. ఆయన మీద నాకేమీ అనుమానం లేదు."

"అదే తప్పు" అన్నాడు బాబాయి. "పొద్దున ఆయన లోపలికొచ్చేటప్పుడు నువ్వొక మూల నిలబడు. ముఖం చూడకు, ముఖంలో ఏమీ ఉండదు. కోటు ఎక్కడ తగిలిస్తాడో చూడు, అక్కడి నుంచి కుర్చీ దాకా ఏ దారిన నడుస్తాడో చూడు. ఇంతకీ ఒకటి చెప్పు."

"అడగండి."

"ఆయనది కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా?"